కుంటెద్దు కోసం ఆగే ద్వారాలు

కాకోలదుర్గాన్ని దూరం నుంచి చూసినవాళ్ళు కొండ అనుకుంటారు. దగ్గర నుంచి చూసినవాళ్ళు ఏమనుకుంటారో ఇంతవరకు ఎవరూ తిరిగి వచ్చి చెప్పలేదు. నల్లరాతి ప్రాకారాలు, వాటి మీద ఇత్తడి రేకులు తొడిగిన బురుజులు, బురుజుల నోళ్ళలోంచి ఎడతెగకుండా లేచే సన్నని నీలిపొగ, ద్వారబంధాల మీద కెంపుల కళ్ళు పొదిగిన మకరముఖాలు, అగడ్తలో దుంగల్లా తేలుతూ దుంగలు కామని అప్పుడప్పుడు నోరు తెరిచి తెలియజెప్పే ముసలి మొసళ్ళు. ఆ అగడ్త మీది ఇనుపవంతెన దాటి, పడమటి ఎండలో, ఇద్దరు వందులు నడిచి వస్తున్నారు. ముందున్నవాడి మీసం అతికించినది. వెనక కుంటుతూ వచ్చే ఆడమనిషికి నోరే ఆయుధం, అది మాత్రం అసలైనది.

ముందున్నవాడు మణిశిల యువరాజు హేమాంగదుడు. వెనకావిడ అడవి మఠపు పాఠకురాలు శారంగి. పాముల లోయలో కొండచరియ విరిగిపడినప్పుడు యువరాజును పక్కకు తోసి, ఆ బండ కింద తన కాలు పోగొట్టుకోబోయి మడమతో సరిపెట్టుకున్న మనిషి. అయినా యువరాజు నడక మాత్రం తగ్గలేదు. తగ్గే వీలూ లేదు.

ఎందుకు లేదో, కథను ఇక్కడే అందుకున్నవారి కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. ఆ దేశాల్లో కిరీటం పెట్టుకునేది రాజులే అయినా నగరాన్ని నడిపేది ఏలిక. నగరం నడిబొడ్డున ఒక కంచుముఖం, దాని వెనక గురువు నుంచి శిష్యుడికి దిగివచ్చిన మంత్రపాఠం. కోట తలుపులు తెరిచేది ఏలిక, తూములు ఎత్తేది ఏలిక, దీపాలు వెలిగించేది, మూలల్లో నిద్రపోయే సేవకభూతాలను లేపి పని చెప్పి మళ్ళీ నిద్రపుచ్చేది ఏలిక. ఏలిక లేని నగరం ఊపిరి లేని ఒళ్ళు.

కాకోలదుర్గపు మాంత్రికుడు వజ్రనఖుడు ఒకనాడు నల్లరాతి ముద్ర ఒకటి పైకెత్తి శపించాడు. "ఏలికలను నడిపే ఏకముఖి మంత్రం మా తాత కొలువులో పుట్టింది. ఆనాటి శ్లోకం ఒక్కటి మోస్తున్నా సరే, ఈ ముద్ర లేని ఏలిక మూగవోవుగాక! సింహాసనం నా పాదాల దగ్గర పెట్టిన రాజుకే మళ్ళీ నోరిస్తాను." మణిశిల పండితులు ఆ మాట విని విరగబడి నవ్వారు. తమది తూర్పు శాఖ. తరతరాలుగా ఒక్కొక్క శ్లోకమే తీసి, అదే పనికి కొత్త శ్లోకం కట్టి, మొత్తం పాఠాన్నే మార్చుకున్నవాళ్ళు వాళ్ళు. తాత శ్లోకం ఇంకెక్కడిది? ఆ నవ్వు సద్దుమణగక ముందే మణిశిల ఏలిక మూగబోయింది. కోట తలుపులు మూసినవి మూసినట్టే బిగుసుకున్నాయి. ఊరి పైనున్న చెరువు తూములు లేవలేదు. ఆపైన వాన పట్టుకుంది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. నిండిన చెరువు కట్ట మీదుగా పొర్లి, తలుపులు తెరుచుకోని ఊళ్ళోకి కుండలో నీళ్ళు నిండినట్టు నిండుతోంది.

అంటే తాత శ్లోకం ఎక్కడో ఒకటి మిగిలే ఉంది. ఏదో ఎవరికీ తెలియదు. వేటకు వెళ్ళి కోట బయట చిక్కుకుపోయిన హేమాంగదుడు అడవి మఠానికి పరుగెత్తాడు. ఆ చుట్టుపట్ల నోరున్న ఏలిక అక్కడిదొక్కటే, ఎందుకంటే అడవివాళ్ళు పాత పాఠాన్ని ముట్టుకోకుండా మొదటి అక్షరం నుంచి సొంతంగా కట్టుకున్నారు. శారంగి చెప్పిన ఉపాయం చిన్నది. వజ్రనఖుడి కోటలో ఏలిక అసలు సిసలు తాతలనాటిది. అది చేసేది, మణిశిల ఏలికా చేసేది, అడవి ఏలిక మాత్రం చేయనిది ఏదో కనిపెడితే అదే ఆ శ్లోకం. కనిపెట్టాలంటే ఆ కోటలోకి వెళ్ళాలి. అందుకే ఈ అతికించిన మీసం.

హేమాంగదుడు తలపాగా సవరించుకునే నెపంతో చెవి దగ్గర చేయి పెట్టాడు. తలపాగా మడతలో చిన్న శంఖం ఉంది. దాని జోడు శంఖం మణిశిలలో కంచుముఖాన్ని వదలకుండా ఉన్న అక్క విమలాంగి దగ్గర ఉంది. అక్కడి చప్పుడు ఇక్కడ, ఇక్కడి మాట అక్కడ వినిపిస్తాయి. ఉదయం దాకా అందులో నీళ్ళు గలగలమన్నాయి. ఇప్పుడు గలగల లేదు. లోతైన నీళ్ళు చప్పుడు చేయవు.

మొదటి ద్వారపాలకుడు, మెడ లేని లావుపాటి మనిషి, ఇద్దరినీ ఎగాదిగా చూశాడు.

"ఎవరు మీరు?"

"వంశావళి చదివే వందులం నాయనా," అంది శారంగి. "ఇయ్యాళ ప్రభువుల తాతగారి తిథి అని విన్నాం. వీడు నా తమ్ముడు సోముడు. తాళం వేస్తాడు, అంతకు మించి వీడికేం రాదు. ఒరేయ్ సోమా, దణ్ణం పెట్టరా!"

దారి పొడుగునా యువరాజా, బాబూ అని పిలిచిన మనిషి ఈ 'ఒరేయ్'ని ఎంత ఇష్టంగా అందో హేమాంగదుడికి తెలిసిపోయింది. దణ్ణం పెట్టాడు. ద్వారపాలకుడు మకరముఖం వైపు తిరిగి ఏదో గొణిగాడు. ఇనుపతలుపు పైకి లేచింది. హేమాంగదుడు విసవిసా దాటాడు. శారంగి కుంటుకుంటూ ఇంకా గడప దగ్గరికి రాలేదు, తలుపు దిగడం మొదలుపెట్టింది. సగం దిగి, చటుక్కున ఆగింది. ఆమె నింపాదిగా దాటాక మిగతా సగం దిగింది.

రెండో ద్వారమూ అంతే. మూడోదీ అంతే. కొలువుకూటం గుమ్మం ముందు నిలబడి శారంగి అతని చెవిలో గుసగుసలాడింది.

"ఈ తలుపులేమిటి బాబూ, నీళ్ళు నములుతున్నాయి? మా అడవిలో తలుపు మూసుకోమంటే మూసుకుంటుంది."

"తలుపులంటే అలాగే కదా ఉంటాయి?" అన్నాడు హేమాంగదుడు. "మా ఊళ్ళోనూ అంతే. గడప దగ్గర కాసేపు ఆగుతాయి. అతిథి మర్యాద అంటారు."

వెనక వస్తున్న ద్వారపాలకుడికి చివరి మాట వినపడింది. "మర్యాదా, మన్నా? పెద్దింటి తలుపులయ్యా ఇవి. తొందరపడవు. అది ఠీవి!" అన్నాడు గర్వంగా.

"ఠీవో మర్యాదో, నాకోసం ఆగుతున్నాయి," అంది శారంగి. "తలుపుకున్న పాటి జ్ఞానం మనుషులకు లేకపోయె. ఒరేయ్ సోమా, కాస్త మెల్లగా నడవరా!"

హేమాంగదుడికి నవ్వు రాలేదు. అతని చెవిలో నీళ్ళే ఉన్నాయి.

కొలువుకూటం తలుపు పైకి లేచింది. నేలంతా చలువరాయి, దాని మీద నెమలికంఠం రంగు తివాచీలు, గోడల నిండా ఓడిన రాజులు తెచ్చి పడేసిన ఖాళీ సింహాసనాలు. కప్పు నుంచి నేల దాకా జాలువారే మోదుగపువ్వు రంగు పట్టుతెర, బారల కొద్దీ మడతలు. తెర ముందు కంచుముఖం. కంచుముఖం పైన గొలుసుకు వేలాడే నల్లరాతి ముద్ర, చూపు ఆనితే చాలు చలి పుట్టించేది. దాని కింద వజ్రనఖుడు. మనిషి బక్కపలచన, గడ్డం నేతిధారలా జారుతోంది, పదివేళ్ళకూ పది గోళ్ళు వజ్రపు ముక్కల్లా తళుక్కుమంటున్నాయి. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండన్న సామెతకు కాళ్ళూ చేతులూ వస్తే ఆ మాంత్రికుడే.

"చదవండి," అన్నాడు. "మా తాతగారి ఘనత ఒక్క అక్షరం తగ్గిందా, నాలుక కోస్తాను."

శారంగి గొంతు సవరించుకుంది. హేమాంగదుడు తాళం అందుకున్నాడు.

"వినండి సభవారూ! పూర్వం ముగ్గురు రాజులు కూడబలుక్కుని భూమ్మీద లేని ఏలికను చేద్దామని పూనుకున్నారు. దాని పేరు సహస్రముఖి. వెయ్యి ముఖాలు, ముఖానికొక మర్యాద. దీపం వెలిగించమని అడిగితే అడిగినవాడెవడని విచారించేది, వాడికి అడిగే హక్కుందా అని సభ తీర్చేది, సభ ముగిసేసరికి తెల్లారేది, దీపంతో పని లేకపోయేది!"

సభ గొల్లున నవ్వింది. వజ్రనఖుడి పెదవి కూడా కాస్త కదిలింది.

"విసిగి వేసారి ఒక రాజు తన వాటా వదులుకుని ఇంటికి పోయాడు. ఆ రాజే తమ తాతగారు. వారి కొలువులోనే, సహస్రముఖి కోసం ఒళ్ళు అరగదీసుకున్న ఇద్దరు పండితులకు పని లేకుండా పోయింది. వాళ్ళకు మేడ ఇవ్వలేదు, మంటపం ఇవ్వలేదు. ఊరి చివర ఎవరూ వాడని గానుగపాక ఒకటుంటే అందులో దూరారు. వెయ్యి ముఖాలెందుకు, ఒక్కటి చాలదా అన్నారు. ఒక భూతం తోడుతుంది, ఒక భూతం వడకడుతుంది, ఒక భూతం పోస్తుంది. ఎవడి పని వాడిది, ఒకడి చేతిలోది ఇంకొకడి చేతికి. అదీ ఏకముఖి! ఆ పాకలో గానుగకు కట్టడానికి వాళ్ళకు దొరికింది ఒకే ఒక్క కుంటెద్దు..."

"ఆపు!" వజ్రనఖుడి గోరు ఆసనం మీద కీచుమంది. "మా తాత కొలువులో పాకలా? కుంటెద్దులా? తెల్ల ఏనుగులుండేవి! ఎవరు చెప్పారే నీకిది?"

"అడవిలో చెప్పుకుంటారు ప్రభూ," అంది శారంగి అమాయకంగా. "గానుగమోకు పాక తలుపుకు తగిలించి ఉండేదట. మోకు వదులైతే తలుపు దబ్బున పడేది, మెల్లగా వచ్చే ఎద్దుకు వీపు పగిలేది. పాపం, అది చూడలేక పండితులు..."

"ఆపమన్నానా! ఆ ముక్క వదిలి శాఖల సంగతి చెప్పు."

"చిత్తం. ఏకముఖికి కొమ్మలు పుట్టాయి. ఒక కొమ్మ తూర్పు మఠానికి పోయింది. అక్కడి శిష్యులు చేతులూరుకోక శ్లోకానికి శ్లోకం మార్చిపారేశారు. ఒక కొమ్మ పడమట తమ దుర్గంలో ముద్ర వేయించుకుని దొరలా కూర్చుంది. నాదంటే నాదని కొమ్మలు కొట్టుకుంటూ ఉండగా, ఒక పంతులు పిల్లలకు పాఠం చెప్పుకోవడానికి అరచేతి బొమ్మ ఏలికను చేశాడు. దాంతో ఆడి విసుగెత్తిన మంచుదేశపు యువకుడొకడు, దీనికన్నా నేనే నయంగా కట్టగలనని కొత్తది కట్టి నాలుగుబాటల కూడలిలో వేలాడదీశాడు. దారిన పోయే ప్రతివాడూ ఒక శ్లోకం కలిపాడు. అది అడవి శాఖ. నడక ఏకముఖిదే, రక్తం మాత్రం కాదు. ఇవి కాక కిటికీల వంశమని ఇంకొకటుంది, ఆ ఇంటికి గోడలకన్నా కిటికీలెక్కువ. ఆ భాగోతం ఆ ఇంటి వందులనే అడగాలి..."

తాళం తప్పింది. హేమాంగదుడి చేతులు ఆగిపోయాయి.

కుంటెద్దు. తలుపు. మెల్లగా వచ్చే ఎద్దు దాటేదాకా తలుపు ఆగాలి. ఇక్కడ ఆగుతుంది. మణిశిలలో ఆగుతుంది. అడవిలో ఆగదు. చిన్నప్పుడు గురుకులంలో వల్లెవేసిన పాఠం అతనికి గుక్క తిప్పుకోకుండా గుర్తొచ్చింది. తలుపుల అధ్యాయం చివర ఒక శ్లోకం ఉంది. 'వెనకవాడు దాటేదాకా విరమించు.' ఈ వెనకవాడెవడని అడిగితే గురువుగారు బెత్తం చూపించారు. పనికొచ్చే శ్లోకాన్ని మేలైన దానితో మార్చుకోవచ్చు గాని, ఎందుకుందో తెలియని శ్లోకాన్ని తుడవకూడదన్నది తూర్పు మఠపు ఆచారం. పెద్దలు ఏమనుకుని పెట్టారో ఎవరికెరుక? అందుకని తరతరాలుగా అన్నీ మార్చినవాళ్ళు దాన్ని మాత్రం కళ్ళకద్దుకుని మోశారు. శ్లోకం మణిశిలలో మిగిలింది, దాని కథ అడవిలో మిగిలింది. ఆ రెండూ కలిసింది ఇదిగో, శత్రువు కొలువులో.

అదే క్షణంలో అతని తలపాగా మాట్లాడింది.

"తమ్ముడూ! హేమాంగదా! ఉన్నావా? రొమ్ముల దాకా వచ్చాయిరా... కప్పుల మీది జనం అరుస్తున్నారు, తూర్పు వీధి ఇళ్ళు కూలిపోయాయి..."

అందరూ ఆ తలపాగానే చూశారు. శారంగి నుదురు కొట్టుకుంది. వజ్రనఖుడు మెల్లగా లేచాడు.

"మణిశిల యువరాజా," అన్నాడు పళ్ళు బయటపెట్టి. "తాళం బాగానే వేస్తావు. భూతాల్లారా, పట్టుకోండి!"

కంచుముఖం కళ్ళు వెలిగాయి. నాలుగు మూలల నుంచీ సేవకభూతాలు ఆవులిస్తూ లేచాయి. చెయ్యి చాచే భూతం, ఎత్తే భూతం, అందుకునే భూతం, విసిరే భూతం. ఒక్కొక్కటీ ఇంటి దూలమంత. విసిరే భూతం వెనక గవాక్షం, దాని కింద అగడ్త, అందులో ముసలి మొసళ్ళు. చాచే భూతం చేయి శారంగి జడ మీదికి వచ్చేసింది.

హేమాంగదుడికి ఆలోచించే వ్యవధి లేదు. మొలలోని బాకు దూసి పట్టుతెర తాడు తెగవేశాడు. బారల కొద్దీ పట్టు సెలయేరులా కిందికి దూకింది. దాని కొస తీసి చాచే భూతం చేతిలో పెట్టాడు. ఏకముఖి భూతానికి చేతిలో పడ్డదాన్ని పక్కవాడికి ఇవ్వడమే తెలుసు. అది ఎత్తే భూతానికిచ్చింది, ఎత్తేది అందుకునేదానికిచ్చింది, అందుకున్నది విసిరేదానికిచ్చింది. విసిరేది గవాక్షంలోంచి విసిరింది. పట్టు తరగదు, భూతాలు ఆగవు. 'వాళ్ళనురా, తెరను కాదు!' అని వజ్రనఖుడు గొంతు చించుకుంటున్నా, మొదలుపెట్టిన పని ముగియనిదే అవి తల తిప్పవు. మొసళ్ళు మాత్రం పట్టు రుచి చూస్తున్నాయి.

"పద అక్కా!" అంటూ శారంగి చెయ్యి లాగాడు.

ఇద్దరూ పరుగు తీశారు. పరుగంటే హేమాంగదుడిదే పరుగు. శారంగి గోడ పట్టుకుని ఒంటికాలి మీద గెంతుతోంది. కొలువుకూటం తలుపు దిగుతూ సగంలో ఆగింది, ఆమె దాటాక పడింది. మూడో ద్వారం ఆగింది, దాటారు. రెండో ద్వారం దగ్గర భటుడొకడు ఈటె విసిరాడు. అది హేమాంగదుడి భుజం గీసుకుని గోడకు గుచ్చుకుంది. మరొకడి కత్తి అతని బాకు మీద రవ్వలు లేపింది. హేమాంగదుడి మెడలో వేలాడుతున్న తాళాలు లాగి, శారంగి వాటిని వాడి చెవుల పక్కన ఒక్కసారి మోగించేసరికి వాడు కళ్ళు తేలేసి కూర్చుండిపోయాడు. రెండో ద్వారం కూడా ఆగి, ఆ తరవాతే వాళ్ళ వెనక దబ్బున పడింది.

రెండో ద్వారానికీ మొదటి ద్వారానికీ నడుమ పొడుగాటి నడవ. కొస దగ్గర తప్ప వెలుతురు లేదు. హేమాంగదుడు గోడకు జారగిలబడి శంఖం నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"అక్కా! వింటున్నావా? తెలిసింది. తలుపుల అధ్యాయంలో ఆఖరి శ్లోకం! వెనకవాడు దాటేదాకా... అదీ తాతలనాటిది. కంచుముఖం ముందు పాఠమంతా చదివి, అది ఒక్కటి తుడిచెయ్యి!"

అవతల నీళ్ళ చప్పుడు. తరవాత విమలాంగి గొంతు, చలికి పళ్ళు కొట్టుకుంటూ.

"తుడవడమా? గురువుల మాటను తుడవడమా? నాన్నగారు పోతూ నా చేతిలో చెయ్యి వేయించుకుని ఏమన్నారో మరిచిపోయావా? ఆ పాఠంలో అక్షరం పోతే ఇంటి దీపం పోతుందన్నారు!"

"ఆ దీపం ఇప్పుడే మునుగుతోందక్కా!"

"నాకు భయంగా ఉందిరా. ఇంతమంది పెద్దలు తుడవనిది నేను తుడిస్తే, నువ్వన్నది తప్పయితే..."

"అది మంత్రం కాదక్కా, జాలి!" అన్నాడు హేమాంగదుడు. "గానుగపాకలో ఒక కుంటెద్దు ఉండేది. దాని మీద తలుపు పడకూడదని ఇద్దరు మంచివాళ్ళు రాసుకున్న మాట. ఆ ఎద్దు ఎప్పుడో పోయింది. దాని కోసం మన ఊరు మునగాలని వాళ్ళు కోరుకుంటారా? చెప్పు!"

హేమాంగదుడు కళ్ళు మూసుకున్నాడు. శారంగి అతని మోచేయి గట్టిగా పట్టుకుంది. మెల్లగా, నీళ్ళ మీదుగా, విమలాంగి పాఠం ఎత్తుకుంది. దీపాల అధ్యాయం. తూముల అధ్యాయం. మధ్యలో ఒకసారి నీళ్ళు మింగి దగ్గింది. మళ్ళీ ఎత్తుకుంది. తలుపుల అధ్యాయం. ఆఖరి శ్లోకం దగ్గర ఆగింది. ఏడ్చిందేమో కూడా. దాన్ని వదిలేసి, తరవాతి అధ్యాయంలోకి వెళ్ళింది.

శంఖం అతని చేతిలో అదిరింది. ముందు ఇనుము కదిలిన కిర్రుమనే మోత, ఆ వెనక కట్ట అవతల వాగులోకి దూకుతున్న చెరువు హోరు, కోట తలుపులు ఒకదాని తరవాత ఒకటి తెరుచుకుంటున్న దడదడ, వీటన్నిటి మీదా వేలమంది గొంతులు.

"దిగుతున్నాయిరా!" విమలాంగి అరుస్తోంది. "తమ్ముడూ, నీళ్ళు దిగుతున్నాయి! ఏలిక మాట్లాడింది!"

హేమాంగదుడు ఏడ్చాడు. రాజకుమారులు ఏడవకూడదని చెప్పిన గురువుగారు కూడా అక్కడుంటే ఏడ్చి ఉండేవారు.

"అక్కా, మిగతా నగరాలకు కూడా కబురు పంపు. ఆ ఒక్క శ్లోకమేనని చెప్పు!"

"వింటున్నాను, యువరాజా," అంది ఒక గొంతు. అది శంఖంలోది కాదు. నడవ రెండు కొసల్లోనూ ఉన్న మకరముఖాలు ఒక్కసారే నోళ్ళు తెరిచాయి, రెంటిలోంచీ వజ్రనఖుడే మాట్లాడాడు. "కుంటెద్దా? మా తాత పాఠంలో కుంటెద్దా? లోకమంతా నవ్వుతుందన్నమాట! ఆ ముక్క నా ఏలికలో మాత్రం ఎందుకు? ఇదిగో, తుడిచేస్తున్నాను. ఇక నా తలుపులు ఎవరి కోసమూ ఆగవు. పరుగెత్తండి చూద్దాం!"

దూరంగా కొలువుకూటంలో రాయి పగిలినట్టు పెళ్ళుమంది.

శారంగి పకపకా నవ్వింది. ఆ నవ్వు చూసి ఈవిడకు మతి పోయిందనుకున్నాడు హేమాంగదుడు.

"ముద్ర బీటవారింది బాబూ! కూర్చున్న కొమ్మనే నరుక్కున్నాడు సన్నాసి! తాత పాఠంలో మాట తుడిచినవాడికి ఆ ముద్ర ఇంక లొంగదు, శాపమూ చెల్లదు. పదండి, పదండి!"

నడవ చివర మొదటి ద్వారం పైకెత్తి ఉంది. అవతల ఇనుపవంతెన, వంతెన అవతల చివరి ఎండ, చెట్లు, గాలి. హేమాంగదుడు ఎప్పటిలాగే ముందు పరుగెత్తాడు. గడప మీద కాలు పెట్టాడు. నెత్తి మీద ఇనుము కదిలింది. అలవాటుగా వెనక్కి చూశాడు, తలుపు సగంలో ఆగుతుంది కదా అన్నట్టు.

శారంగి ఇంకా నడవ మధ్యలో ఉంది. ఒక చెయ్యి గోడ మీద, ఒక కాలు నేల మీద. ఆమె వెనక రెండో ద్వారం లేచింది. పట్టు అయిపోయిన భూతాలు దాని కింద నుంచి వంగి వస్తున్నాయి.

తలుపు దిగుతోంది. సగానికి వచ్చింది.

"దాటండి బాబూ!" అని అరిచింది. "నాకోసం చూడకండి, అది ఆగదిక! దాటండి!"

తలుపు ఆగలేదు. హేమాంగదుడు ఆగాడు.

అతని వీపు వెనక ఇనుము నేలను తాకి కోటంతా దద్దరిల్లింది, ఎండ పోయింది. చీకట్లో అతను వెనక్కి నడిచి వెళ్ళి, శారంగి చెయ్యి తీసి తన భుజం మీద వేసుకున్నాడు. ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయడానికి పనికిరావు. అన్నీ విని, బాకు కుడిచేతిలోకి మార్చుకుని, ఆమె ఒక అడుగు వేస్తే తానూ ఒక అడుగు వేస్తూ, భూతాలు వస్తున్న వైపే నడక సాగించాడు.